గిల్‌హూలీ వారి లంక

నిన్న మా అమ్మాయి ఫోన్‌లో ఐర్లాండ్ మ్యాపు తెరిచి, "మన ఇంటిపేరు వాళ్లు ఇక్కడివాళ్లే నాన్నా" అని ఒక ఊరు చూపించింది.

మా ఇంటిపేరు గిల్‌హూలీ. విజయవాడలో మేం తప్ప ఆ పేరుగలవాళ్లు లేరు. చిన్నప్పుడు బళ్లో పిల్లలు నన్ను "గిలకూలీ" అని ఏడిపించేవాళ్లు. ఒకరోజు ఏడుస్తూ ఇంటికొస్తే తాతయ్య దగ్గరికి తీసుకుని, కళ్లు తుడిచి, "మా తాత ఐర్లాండ్ నుంచి రైల్వే పనికొచ్చాడ్రా. అది నీళ్ల మధ్య పచ్చటి లంక" అన్నాడు.

ఆ లంక కృష్ణలోనే ఉందనుకున్నాను. మర్నాడు రేవులో పడవాయన్ని, "ఐర్లాండ్ లంకకి తీసుకెళ్తారాండీ?" అని అడిగాను.

"అదెక్కడుంది బాబూ?" అన్నాడాయన.

తాతయ్యని రేవుకి లాక్కొచ్చి దారి చెప్పమన్నాను. తాతయ్య నీళ్లకేసి చూసి, "నేనూ చూళ్లేదురా" అన్నాడు.

అబద్ధమాడాడని అలిగాను. ఆ లంక గురించి ఆయనకీ చిన్నప్పుడు ఎవరో అలాగే కన్నీళ్లు తుడుస్తూ చెప్పి ఉంటారని ఇప్పుడనిపిస్తోంది.