చిలకలపూడికి వచ్చిన ఇనుప టోపీ

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. బందరులో సైన్సు టీచర్ని. కంటికి కనపడకుండా మనిషిని పట్టి పీడించేవి సూక్ష్మజీవులొక్కటే అని పిల్లలకి చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగిన ఈ సంగతి మాత్రం ఏ పాఠంలోనూ ఇమడలేదు.

మా నాన్న చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పనివాడు. గుళ్ళకి కిరీటాలు కూడా చేసేవాడు. ఆ వేసవిలో హైదరాబాదులోని పాతవస్తువుల వ్యాపారి ఒకాయన ఒక ఇనుప టోపీ పంపించాడు. ఎక్కడో మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో కజక్, ఓయిరత్ యోధులు గుర్రాల మీద యుద్ధానికి వెళ్తూ పెట్టుకునే రకమట. పైన వెంట్రుకల కుచ్చు గుచ్చడానికి చిన్న గొట్టం, అంచు చుట్టూ బంగారు తీగల అల్లిక, గడ్డం కింద కట్టుకోవడానికి రెండు తోలు పట్టీలు. ఆ అల్లికలో ఊడిపోయిన బంగారు పువ్వుల చోట నాన్న కొత్తవి అతకాలి.

నాన్నకి ఒక పట్టింపు ఉండేది. కిరీటం చేసినవాడు దాన్ని తన తల మీద పెట్టుకోకూడదు. కొలతకి కూడా మట్టికుండే వాడేవాడు. ఇది దేవుడిది కాదు, ఎవరో సిపాయిదని ఎంత చెప్పినా వినకుండా దీన్నీ కుండ మీదే బోర్లించాడు. పైగా ఒక గురువారం కుడిచేతి మీద యాసిడ్ పడి, వేళ్ళన్నీ కలిపి కట్టు కట్టించుకున్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం అమ్మా నేనూ బజారు నుంచి వచ్చాం. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. నాన్నే వచ్చి తీశాడు. తల మీద ఆ టోపీ! పట్టీలు గడ్డం కింద గట్టిగా ముడేసి ఉన్నాయి.

అమ్మ పడీపడీ నవ్వింది. "ఏంటండీ ఈ వేషం?"

"వద్దంటున్నా వినకుండా వెనక నుంచి పెట్టి ముడేసింది నువ్వేగా! మళ్ళీ ఎక్కడికెళ్ళొస్తన్నావ్?" అని నాన్న కసిరాడు.

అమ్మ నవ్వు ఆగిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

వడదెబ్బేమో అనుకున్నాను. నాన్నని పనిబల్ల దగ్గర కూర్చోబెట్టి ముడి విప్పబోయాను. రెండు గోళ్ళు విరిగాయి గాని అది రాలేదు. "కదలకు నాన్నా, కత్తెర తెస్తా" అని లోపలికి వెళ్ళాను. కత్తెర చేతిలోకి తీసుకునేసరికి వెనక పెద్ద చప్పుడు. చెదపట్టిన దూలం పెంకులతో సహా నాన్న మీద పడింది.

ఇరుగుపొరుగు వచ్చి బయటికి లాగారు. టోపీ ఒకపక్క సొట్టపోయింది. నాన్నకి భుజం గీరుకుపోయింది, అంతే. ఆసుపత్రిలో పట్టీలు కోసి తీస్తూ డాక్టరుగారు, "ఇది లేకపోతే మనిషి దక్కేవాడు కాదమ్మా" అన్నారు. వరండాలోనే కూలబడి ఏడ్చాను. అంత హాయిగా ఎప్పుడూ ఏడవలేదు.

దూలం ఎందుకు పడిందో చెప్పగలను. ఆ ముడి ఎవరు వేశారో ఇప్పటికీ చెప్పలేను. ఒంటిచేత్తో అది పడదు. పళ్ళతో వేసుకున్నాడేమో అని కూడా ఆలోచించాను. గడ్డం కింద ముడికి ఎవరి పళ్ళూ అందవు.

తెలిసింది ఒక్కటే. ఆ ముడి నా వేళ్ళకి లొంగి ఉంటే నాన్నని చేతులారా పోగొట్టుకునేదాన్ని. ఊరగాయ సీసా మూత తీయడం కూడా చేతకాదని అమ్మ నన్ను రోజూ దెప్పేది. ఆ శనివారం నుంచి ఆ మాట అనడం మానేసింది.