వాన కోసం మొక్కుకున్నవాడి అవస్థ

పోయిన శనివారం మా ఉదయగిరిలో వాన పడాలని ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టాను. ఈ రోజు పొద్దున టీవీ పెడితే, ఎక్కడో ఉత్తరాది కొండల్లో వరదకు ఊళ్ళే కొట్టుకుపోతున్నాయి. నా మొక్కే దారి తప్పి అక్కడ కురిసిందేమోనని అనుమానం వచ్చింది. ఆ మాటే మా ఆవిడతో అన్నాను.

“ఏందయ్యా, నీ మొక్కుకి అంత బలముంటే మన బోరు ఎందుకు ఎండిపోయి ఉండాది? ఆ ఎచ్చులు ఆపి, పాపం ఆ వరదలో చిక్కుకున్న బిడ్డల్ని కాపాడమని దణ్ణం పెట్టుకో” అంది.

ఇద్దరం దణ్ణం పెట్టుకున్నాం. సాయంత్రం ఇక్కడ చినుకులు మొదలయ్యాయి. సంతోషంగా చేతులెత్తాను గానీ, ఇంకాస్త కురిపించమనడానికి నోరు రాలేదు. చాలు స్వామీ అనడానికి చేను ఒప్పుకోదు. ఏమీ అడగలేక, తడిసి ముద్దయ్యేదాకా వాకిట్లో అలాగే నిలబడ్డాను. మీరైతే ఏమని మొక్కుకునేవాళ్ళు?