ఎండిన బోర్ల పైపుల మీద తీగ

మా ఇంట్లో సిగ్నల్ అందే చోటు ఒక్కటే, మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన. హైదరాబాదులోని ఒక కంపెనీకి ఆస్పత్రి బిల్లులు సరిచూసే ఉద్యోగం నాది. కరోనా కాలంలో ఇంటినుంచే పని చేయమన్నారు, ఆ తర్వాత కూడా అలాగే కొనసాగించారు. మార్కాపురంలో పుట్టి పెరిగిన నేను కొమరోలు దగ్గర మా అత్తగారి ఊళ్లో, ఎండకు గొడుగు కట్టుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఉద్యోగం చేసేదాన్ని. అదే మిద్దె మీద మా అత్త మిరపకాయలు ఆరబోసేది. మీటింగులో నేను తుమ్మినప్పుడల్లా అవతల ఎవరో ఒకరు నవ్వేవాళ్లు.

ఒక రోజు ఒక ఆస్పత్రి బిల్లుల్లో పెద్ద తప్పు పట్టుకున్నాను. అందరి ముందూ వివరించడం మొదలుపెట్టానో లేదో లైను ఆగిపోయింది. నోరు తెరిచి ఉన్న నా బొమ్మే వాళ్లకు తెర మీద మిగిలిందట. మళ్లీ కలిసేసరికి ఆ తప్పు తామే పట్టుకున్నట్టు ఇంకెవరో చెప్పేసుకున్నారు, మీటింగ్ ముగిసింది. సాయంత్రం మేనేజర్ ఫోన్ చేశాడు. "ఇలా కుదరదమ్మా. మంచి లైను పెట్టించుకోండి. లేదంటే నెలాఖరుకల్లా వచ్చి ఆఫీసులో కూర్చోండి."

మా ఆయన చేను చూసుకునే మనిషి. కందీ మిరపా వేస్తాడు. విషయం విని మెల్లగా, "పోదామా మరి?" అన్నాడు.

"యాడికి పోయేది? సిగ్నల్ లేదని ఇయ్యాల ఊరు వదిలితే, నీళ్లు లేవని రేపు వదలాల, బస్సు లేదని ఎల్లుండి వదలాల. నేను పోను."

మర్నాడు గిద్దలూరు వెళ్లాను. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ లైన్లు కూడా ఇచ్చే కేబుల్ ఆపరేటరు దుకాణం ఉంది. నాకంటే చిన్నవాడు. నా మాట పూర్తి కాకముందే తల అడ్డంగా ఊపాడు.

"మీ ఊరికి రాదక్కా."

"రోడ్డు మీద స్కూలు దాకా తీగ వచ్చినాది గదా?"

"స్కూలు కాడి నుంచి మీ ఊర్లోకి స్తంభాలు యాడుండాయి? కరెంటు స్తంభాలకు కట్టుకోనీరు. అయినా మీ ఊర్లో ఇంటర్నెట్ ఎవురికి కావాలక్కా?"

"నాకు కావాల."

అతను నవ్వాడు. "అట్లయితే నువ్వే స్తంభాలు పాతుకో. నువ్వు పాతిన రోజు తీగ నేను లాగుతా." దుకాణంలో కూర్చున్న వాళ్లూ నవ్వారు.

"మాట మీద ఉండు తమ్ముడూ," అని బయటికి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక కూడా నా చెవులు వేడిగానే ఉన్నాయి.

ఇంటికొచ్చి జరిగిందంతా చెబుతుంటే మా అత్త గేదె పాలు పితుకుతోంది. తల తిప్పకుండానే అంది: "ఇంటెనక పైపులు పడి ఉండాయి గదా. అవి పనికి రావా?"

మా వైపు ఊళ్ల సంగతి తెలియని వాళ్లకు ఆ పైపుల గురించి చెప్పాలి. ఒకప్పుడు ఇక్కడ అందరూ బత్తాయి తోటలు పెట్టారు. తోటల కోసం బోర్లు వేశారు. నీళ్లు లోతుకు పోయేకొద్దీ బోర్లు ఎండిపోయాయి, తోటలు కొట్టేశారు. బోర్లలోంచి పైకి లాగిన పొడవాటి ఇనుప పైపులు మాత్రం ఇళ్ల వెనక మిగిలిపోయాయి. ఇంకో బోరు వేస్తే పనికొస్తాయని ఎవరూ వాటిని పాత ఇనుముకు వేయలేదు. మా మామ పోయిన తర్వాత మా అత్త ఆ పైపుల వైపు చూసేది కూడా కాదు. ఆయన తోట కొట్టించిన ఏడాదే మంచం పట్టాడు. అలాంటిది, తనంతట తానే వాటి పేరెత్తింది.

ఆమే నాతో ఇంటింటికీ వచ్చింది. "నా కోడలు మిద్దె మీద ఎండకు మాడిపోతా ఉంది. ఆ పైపు ఊరికే తుప్పు పడతాంది, ఇవ్వరాదా?" అని అడిగేది. కొందరు మొహం తిప్పుకున్నారు. మా ఎదురింట్లో బట్టలు కుట్టే ఆమె మాత్రం, "ఫోన్లో కొత్త డిజైను చూడాలంటే నేనూ మీ మిద్దె ఎక్కాల్సిందే గదా వదినా," అంటూ తన మొగుడి చేత పైపు మోయించింది. ఆ తర్వాత ఒక్కొక్కరే కదిలారు.

పైపులు చేరాయి. వాటిని పాతే దారి దగ్గర ఆగిపోయాం. స్కూలుకీ ఊరికీ మధ్య మా మామ అన్నగారి చేను ఉంది. మేము పలుగూ పారా పట్టుకుని వెళ్లేసరికి ఆయన గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"నా చేన్లో గుంత తీస్తే మర్యాదగా ఉండదు," అన్నాడు. మా ఆయన వైపు తిరిగి, "కోడలు చెప్పినాదని మగోళ్లంతా బయల్దేరినారా? సిగ్గు లేదంట్రా?" అన్నాడు.

"పెద్దమామా, ఇది కరెంటు తీగ కాదు. పైరుకు ఏమీ కాదు," అన్నాను.

"నీతో మాట్లాడ్లా నేను."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతుంటే వెనకనుంచి మా అత్త ముందుకొచ్చింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె ఆయన ఎదుట నిలబడి మాట్లాడలేదు. ఆయన వీధిలో వస్తుంటే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేది.

"నీ చేను నీ కాడనే పెట్టుకో బావా," అంది. "మేము వాగు గట్టు మీద పోతాం. అది ఎవురి అబ్బ సొత్తూ కాదు."

వాగు గట్టంతా రాయి. పలుగు దింపితే ఖణేలుమని ఎగిరిపడేది. దారి బాగా చుట్టు తిరిగింది, ఇంకా పైపులు కావలసి వచ్చాయి. ఎవరిని అడగాలా అని ఆలోచిస్తుంటే మొదట మొహం తిప్పుకున్న వాళ్లలోనే ఇద్దరు తమ పైపులు ట్రాక్టరులో వేసుకుని వచ్చారు. అరచేతులు బొబ్బలెక్కి నేను రెండు వేళ్లతోనే బిల్లులు టైపు చేశాను. ఆఖరి పైపు మా ఇంటి ముందు నిలబెట్టగానే గిద్దలూరుకు ఫోన్ చేశాను.

ఆపరేటరు మోటారు సైకిలు మీద వచ్చి వాగు గట్టు వెంబడి వరసగా నిలబడ్డ పైపుల్ని చూశాడు. "నిజంగానే పాతినావే అక్కా!" అన్నాడు. వెంటనే తీగ చుట్ట తెప్పించాడు.

గోడకు ఇంటర్నెట్ పెట్టె బిగించి, అందులో పచ్చ దీపం వెలిగిన రోజు నేను మిద్దె దిగి వచ్చి ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నాను. మేనేజర్ నా మొహం తేటగా కనబడేసరికి ఆశ్చర్యపోయి, "హైదరాబాదు వచ్చేశారా?" అన్నాడు.

"లేదు సార్. కిందికి దిగాను, అంతే."

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. కొంతకాలానికి కంపెనీ పద్ధతి మార్చింది. అందరూ ఆఫీసుకు రావాల్సిందేనంది. "లైను బాగాలేదనే కదా సార్ రమ్మన్నారు? ఇప్పుడు బాగుంది కదా?" అని అడిగాను.

"అది అప్పటి మాటమ్మా. మీ ఒక్కరినీ వదిలేయలేను."

"అయితే నేను రాను సార్."

ఈసారి నా బొమ్మ ఆగిపోలేదు, మాట తెగిపోలేదు. నేనన్నది అన్నట్టుగా ఆయనకు వినబడింది.

ఉద్యోగం పోయింది. ఏడవలేదని చెప్పను, ఏడ్చాను. ఊళ్లో కొందరు గట్టిగానే నవ్వారు. "తీగ వచ్చినాది, జీతం పోయినాది," అని మా పెద్దమామ రచ్చబండ దగ్గర అన్నాడట. మా అత్త ఆ మాట విని ఇంటికొచ్చి, "నువ్వు పోయి ఇంకో ఉద్యోగం ఎతుక్కో. వంట నేను చేస్తా," అని పొయ్యి దగ్గరి నుంచి నన్ను లేపేసింది.

వెతికాను. చాలామంది మా ఊరు ఎక్కడో వినగానే మర్యాదగా మాట ముగించారు. చివరికి ఒక చిన్న కంపెనీలో ఇంటర్వ్యూ చేసినామె మాత్రం సూటిగా అడిగింది: "పల్లెటూరు కదా, మీ ఇంటర్నెట్‌ను ఎలా నమ్మాలి?"

నేను ల్యాప్‌టాప్ ఎత్తి కిటికీ వైపు తిప్పాను. "అదిగో, ఆ పైపు చూడండి మేడం. అలాంటివి రోడ్డు దాకా మేమే పాతుకున్నాం. ఒకటి పడిపోతే ఇంకొకటి పాతుతాం. మీ సిటీలో లైను పోతే మీరేం చేస్తారు?"

ఆమె ఆ పైపు వైపే చూస్తూ, ఎప్పటినుంచి పనిలో చేరగలనో అడిగింది.