మూడింటిలో ఒకటి

ముందు పిట్టల కూత పోయింది, తర్వాత గడియారం చప్పుడు, ఆ తర్వాత అమ్మ పిలుపు. నాన్న చెవుల్లోంచి పోయినవి మూడు; నాకది చాలా ఏళ్లకు తెలిసింది.

నిన్న ఖమ్మంలో పియానో వింటుంటే, చిన్నప్పుడు మా గని కాలనీ క్లబ్బులో ఒక సాయంత్రం జరిగిన జాజ్ కచేరీ గుర్తొచ్చింది. వాయించేవాళ్లు ముగ్గురు: ఒకరు డ్రమ్ము, ఒకరు పియానో, ఒకరు నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు. నాన్న అదురుతున్న బల్లకు అరచేయి ఆనించి కూర్చున్నాడు. గనిలో పైకప్పును కడ్డీతో తట్టి, మోతను బట్టి కూలుతుందో లేదో చెప్పడం ఆయన పని.

"డ్రమ్ము, ఆ నిలువు ఫిడేలు, రెండే మోగుతున్నయ్ బిడ్డా. పియానో ఆయన ఉత్తగనే వేళ్లు ఆడిస్తుండా?"

"ఏంది నాన్నా గట్లంటవ్? గణగణ మోగుతుంటే!" ఆయన చెవిలో అరిచాను.

నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "నిజం చెప్పు."

"అవ్, ఒట్టు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పాట అంత బాగుందనుకున్నాను. మర్నాడు తన కడ్డీని తానే ఇంకొకరికి అప్పగించి వచ్చాడు.

ఆ మూడు వాయిద్యాల్లో నాన్నకు ఈనాటికీ ఒకటి బాకీ.