గీతకి అవతలి పడవలు

తుపాను వెలిశాక, విరిగిన పడవల జాబితా చేసే పని శ్రీకాకుళంలోని మా ఆఫీసుకి వచ్చింది. ఊళ్లకి వెళ్లినవాళ్లు ఒక్కో పడవకీ ఫోటో తీసి, యజమాని పేరు, అది పడున్న చోటి అక్షాంశ రేఖాంశాలతో సహా పంపారు. ఏ బిందువు ఏ ఊరి సరిహద్దులో పడిందో డేటాబేస్‌ని అడిగి, ఊరివారీగా విడగొట్టడం నా వంతు. నాలుగు వరుసల క్వెరీ. టీ చల్లారేలోపు అయిపోయింది.

ఒక పల్లెకి మాత్రం ఒక్క పడవా రాలేదు. అక్కడి బిందువులన్నీ సరిహద్దు గీతకి అవతల, ఏ ఊరికీ చెందని చోట పడ్డాయి.

ఆ పల్లె మాదే. మ్యాపులో మా ఊరు సరుగుడు తోట దగ్గర ఆగిపోతుంది. పడవలుండేది తోట దాటాక, ఇసుకలో. పడవని ఊళ్లోకి ఎవరు తెస్తారు? ఇది చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. కానీ చెబితే నీకెలా తెలుసంటారు. ఆఫీసులో నాది టౌనే అని చెప్పుకున్నాను. చేపల వాసన మీద ఎవరైనా జోకేస్తే అందరికంటే ముందు నవ్వేవాణ్ని. మళ్లీ ఎవరో వెళ్లి కనుక్కుంటార్లే అని సర్దిచెప్పుకుని, 'లొకేషన్ తప్పు' అని రాసి వాటిని పక్కన పెట్టేశాను.

ఎవరూ వెళ్లలేదు. వారం తిరక్కుండా మా చిన్నాన్న వచ్చి మా అధికారి ముందు నిలబడ్డాడు.

"మా పడవలేవీ కాయితంలో నేవంటన్నారండి. పడవ బాగవకపోతే ఏటకెలాగెల్తామండి?"

అధికారి నన్ను పిలిచి ఏమిటిదని అడిగాడు.

"సాఫ్ట్‌వేర్ తప్పు సార్," అన్నాను.

చిన్నప్పుడు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని అలల్లోకి తీసుకెళ్లిన మనిషి నాకేసి చూశాడు. చిన్నాన్నా అని పిలుస్తానని కాసేపు ఆగాడు కూడా. నేను కంప్యూటర్ వైపు తిరిగాను.

సరిహద్దు లోపల ఉందా అని కాకుండా, ఏ ఊరికి దగ్గరగా ఉందని అడిగేలా క్వెరీ మార్చాను. పడవలన్నీ మా పల్లె పేరు కిందికి వచ్చాయి. అందులో చిన్నాన్న పడవ మూడోది. సిగ్గుతో దాని ఫోటో తెరవలేకపోయాను.

కొత్త జాబితా మీద సంతకం పెడుతూ అధికారి చిన్నాన్నని అడిగాడు. "ఇందాకట్నుంచీ ఇతన్నే చూస్తున్నావు. తెలిసినవాడా?"

"నేదండి. ఈ బాబునెప్పుడూ సూడ్నేదు," అని చిన్నాన్న నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.