గురక పెట్టే తనిఖీ

రాందాస్ గారు ఏ దవాఖానాకు తనిఖీకి వెళ్లినా ముందుగా అక్కడి మంచం మీద పడుకుని గురక పెట్టేవారు. అంతకు మించి ఆయనలో లోపాలేవీ లేవు. ఉండాలంటే మనిషి మెలకువగా ఉండాలి కదా!

నలభై తొమ్మిదిలో, సర్కారు మారిన కొత్తలో, రోగులనూ దిక్కులేని ముసలివాళ్లనూ ఉంచుకునే ప్రైవేటు ఇళ్లన్నీ లైసెన్సు తీసుకోవాలని మా కచేరీకి ఉత్తర్వు వచ్చింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగి చూడడం ఆయన పని. ఆయన చెప్పింది రాయడం గుమస్తానైన నా పని. గొడవలతో, పరుగులతో ఆ ఏళ్లలో అందరం అలసిపోయి ఉన్నాం. అలసటనే ఉద్యోగంగా చేసుకున్నది మాత్రం ఆయనొక్కరే.

"గోడలు సూడరా సాబ్?" అని నేనడిగితే, తలపాగా తీసి తలకింద పెట్టుకుంటూ, "గోడ మీద ఎవరన్న పండుకుంటరా?" అనేవారు. రోజులో సగం మంచం మీదే గడిపే వయసు నాకూ వచ్చాక ఆ మాట తరచు గుర్తొస్తోంది.

సూర్యాపేటలో ఒక కొత్త కాంపౌండరు ఈయన్ని రోగి అనుకుని, నోరు తెరిపించి గ్లాసెడు ఆముదం పోసేశాడు. రాందాస్ గారు కళ్లు తెరవకుండానే మింగి, "రాసుకో. మందు యాళ్లకు పోస్తున్నరు" అన్నారు. ఆ పూట మేం బస్సు ఎక్కలేకపోయాం. కారణం చెప్పనక్కర్లేదు.

కోదాడలో ఒకావిడ బాబాయిని చూడవచ్చి, దుప్పటి ముసుగులో ఉన్న ఈయన పక్కన కూలబడింది. "బాబాయ్, ఎట్టా ఉండేవాడివి, ఎట్టా చిక్కిపోయావయ్యా!" అని ఏడ్చింది. రాందాస్ గారు వడ్ల బస్తాకు తీసిపోరు. దుప్పటిలోంచే, "అన్నం బాగనే పెడుతున్నరమ్మా. మనోళ్లు వస్తలేరనే బెంగ" అన్నారు. ఆమె ఆ తర్వాత తరచుగా వచ్చేదట.

మిర్యాలగూడలో కన్యకమ్మ అనే వర్తకుల ఇంటి వితంతువు, రైసుమిల్లు వెనక గోదాము కిరాయికి తీసుకుని, మంచాన పడ్డ ముసలివాళ్లను సాకేది. గోదాము మిల్లు యజమాని బద్రీనాథ్ సేటుది. ఆ ఏడు ధాన్యం పెట్టుకోవడానికి అది ఆయనకే కావాల్సి వచ్చింది. ముసలివాళ్లను తనే గెంటితే ఊరు ఉమ్మేస్తుంది. లైసెన్సు రాకపోతే సర్కారే గెంటుతుంది. అందుకని కప్పు కురుస్తోందని తనే అర్జీ పెట్టాడు. కప్పు తనది, బాగు చేయించాల్సిందీ తనే. అది వేరే సంగతి.

మేం వెళ్లేసరికి ముసురు. కురిసే చోట ఉన్న మంచాన్నే సేటు మర్యాదగా చూపించాడు. అది తిరుపతమ్మ అనే ముసలమ్మది.

"పండుకో కొడుకా, నేనట్ల కూసుంట" అంది ఆమె.

పడుకున్నారు. ముక్కు మీద టప్పున చుక్క పడింది.

"సూసిండ్రా సాబ్! రాయుండ్రి. ఇగ ఖతం!" అన్నాడు సేటు.

"ఏం ఖతం? నాకు నిద్ర పట్టలే. నిద్ర పట్టకుంటే తనిఖీ కానట్టే."

"గింత వానల నిద్రెట్ల పడతది?"

"గదే నా పరేషాన్. పట్టేదాక వచ్చి పండుకుంట. అందాక లోపలి మంచం బయటికి పోవద్దు, బయటి బస్తా లోపలికి రావద్దు."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. బయట దామరచర్ల నుంచి వచ్చిన వడ్ల బండ్లు తడుస్తున్నాయి. "సేటూ, యాడ దింపాలె? మొలకలొస్తున్నయ్!" అని బండ్లవాళ్లు మొత్తుకుంటున్నారు.

కన్యకమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఈయన మమ్మల్ని నిలబెడుతుండా, ముంచుతుండా? ఈ లేవలేనోళ్లను ఏడికి మోసుకపోవాలె?"



చివరికి సేటే దిగివచ్చాడు. "మీకు నిద్ర పట్టాలంటే ఏం చెయ్యాలె సాబ్?"

"మొకం మీద నీళ్లు పడొద్దు."

వాన తెరిపిచ్చిన పూట సేటు మనుషుల్ని ఎక్కించి పెంకులన్నీ సర్దించాడు. సాయంత్రం వాన దంచింది. లోపల ఒక్క చుక్క రాలలేదు. రాందాస్ గారు గోదాము అదిరేలా గురక పెట్టారు. సేటు లేపబోతే తిరుపతమ్మ కసిరింది. "జర పండనియ్యి! పానం అలిసినట్టుంది."

తీరిగ్గా లేచి, "రాసుకో" అన్నారాయన. "కప్పు కురుస్తలేదు. నిద్ర బాగ పట్టింది. లైసెన్సు ఇయ్యొచ్చు."

"మొన్న కురిసె గద సాబ్!"

"మొన్న తనిఖీ కాలే గద సేటూ!"

కన్యకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సేటు బండ్లవైపు పరుగెత్తాడు.

బస్సులో అన్నాను: "ఏం నిద్ర సాబ్, ఏం గురక!"

ఆయన వీపు గోక్కుంటున్నారు. "నిద్ర ఏడిదయ్యా? మంచం నిండ నల్లులు!"

"మరి మిగతా ఊర్లల్ల?"

"నేను నిద్రపోతే ఇనేదెవరు? ఆఫీసరు పండుకుంటెనే వాళ్లు మనసు ఇప్పి మాట్లాడుతరు. ఆ ముసల్ది దినాం ఎట్ల పండుకుంటున్నదో ఏమో. పొద్దుగాల్నే మళ్ల పోదాం. మంచాలన్నిటికి మరిగిన నీళ్లు పొయ్యాలె."

"ఇది కూడా రాయాల్నా సాబ్?"

"రాస్తే నల్లులు సస్తయా? మీ ఇంట్ల పెద్ద కాగుంటె పట్టుకరా" అని, చెయ్యి అందని చోట గోకమని వీపు నావైపు తిప్పారు.