అల్లుడుగారు జారవిడిచిన చేప

ఆ రోజుల్లో మా కొల్లేటి వైపు చేపలు ఆకాశంలోంచి కూడా పడేవంటే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. గూడబాతనే సంచిముక్కు పక్షి చెరువులో చేపను పట్టి పిల్లల కోసం మోసుకుపోతుంటే కాకులు వెంటపడి తరిమేవి. ఆ కంగారులో అది నోరు తెరిచేది. చేప ఎవరి వాకిట్లో పడితే వాళ్ళకి ఆ పూట కూర. దాన్ని దొంగతనమని ఎవరూ అనలేదు, చదువుకున్న అల్లుడు వచ్చేదాకా.

నాకు పెళ్ళయిన కొత్త. మా ఆయన (ఇప్పుడు లేరు, ఉంటే ఈ కథ నాకంటే బాగా కోసేవారు) కైకలూరు పక్కన ఒక చేపల చెరువుకి కాపలా. గట్టు మీదే మా పాక, పాక పక్కన గేదె కోసం గడ్డివాము. చెరువు ఆసామి చేపల మేత గురించి తప్ప మరో మాట ఎత్తరు కాబట్టి మేతబాబుగారు అనేవాళ్ళం. ఒకరోజు పొద్దున్నే గడ్డివాము మీద జానెడు శీలావతి చేప వచ్చి పడింది. బేసిన్లో వేసి పొలుసు తీద్దామని కూర్చున్నానో లేదో, గుమాస్తా గట్టు మీద ప్రత్యక్షమయ్యాడు.

“ఎక్కడిదమ్మా ఇది?”

“పైనుంచి పడిందండి.”

“పైన మనకి చెరువు లేదే.”

నన్నూ బేసిన్నీ కలిపి మేతబాబుగారి వాకిట్లో నిలబెట్టాడు. దొంగనని తేలితే మా ఆయన కాపలా పోతుంది, పాక పోతుంది, పుట్టింటికి వెళ్ళడానికి నాకు మొహం ఉండదు. మేతబాబుగారు నాలుగు తిట్టి వదిలేసేవారేమో గాని, ఆ వారమే తాడేపల్లిగూడెం నుంచి కొత్తల్లుడుగారు వచ్చి ఉన్నారు. అక్కడ కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. వచ్చినప్పటి నుంచి పూతరేకులు తినడం తప్ప ఆయనకి పని తగల్లేదు.

“నోటిమాటలెందుకండీ మామయ్యగారూ? లెక్క కడదాం,” అని సుద్దముక్క పట్టుకుని గోడౌను తలుపు దగ్గరికి వెళ్ళారు. “పక్షి ఇరవై మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. జారిన చేపకి మొదటి వేగం సున్న. గురుత్వ త్వరణం పది. ఎత్తుని రెండింతలు చేసి, పదితో భాగించి, వర్గమూలం తీస్తే రెండు సెకన్లు. అంటే నేలని తాకేసరికి వేగం సెకనుకి ఇరవై మీటర్లు. అలా పడిన చేప తల నుజ్జవ్వాలా వద్దా అండి?”

“నుజ్జవ్వాలండి,” అన్నారందరూ. (అల్లుడుగారు పులుసులో ఉప్పెక్కువైందంటే పక్కనున్న పరమాన్నం కూడా పారబోసే ఇల్లు అది.)

“ఈ చేప తల శుభ్రంగా ఉంది. కాబట్టి ఇది పడలేదు, పట్టారు.”

“గడ్డివాము మీద పడిందండి బాబూ,” అన్నాను.

“గడ్డివాము లెక్కలో లేదమ్మా. గాలి కూడా లేదనే అనుకుంటాం.”

“గాలే లేకపోతే పక్షి ఎలా ఎగిరిందండీ?” అన్నారు మా ఆయన వెనకనుంచి. గుమాస్తా ఆయన్ని ఇంకాస్త వెనక్కి నెట్టాడు.

అల్లుడుగారు మాత్రం న్యాయమైన మనిషి. ప్రయోగం చేసి చూపిస్తానని, చెరువులోంచి అంతే పొడవున్న చేపని తెప్పించి, ఊరి మంచినీళ్ళ ట్యాంకు ఎక్కారు. ఎండ తగులుతుందని అత్తగారు వెనకాలే గొడుగు పంపించారు. కింద సిమెంటు గచ్చు. గుమాస్తా చేతిలో స్టాపువాచీ. తల నుజ్జయితే నేను దొంగని. సిమెంటు మీద పడి నుజ్జవ్వని తల ఎక్కడుంటుందండీ? చేతులు కట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాను.

“వదులుతున్నానండీ,” అన్నారు. చేప జారింది. సగం దూరం వచ్చిందో లేదో, ఎటునుంచి వచ్చిందో ఒక తెల్లమెడ గద్ద (గరుడపక్షి అంటారే, అదే), దాన్ని గాల్లోనే తన్నుకుని కొల్లేటి వైపు వెళ్ళిపోయింది.

గుమాస్తా తలెత్తి, “వాచీ ఆపమంటారా అండీ?” అన్నాడు.

“ఇంకా కింద పడలేదు కదండీ, ఉంచండి,” అన్నారు అల్లుడుగారు పైనుంచి.

ఇప్పుడు ఇరుకున పడింది నేను కాదు, మేతబాబుగారు. ప్రయోగం చెడిందంటే కొత్తల్లుడికి అవమానం. ఫలించిందంటే ఏం తేలినట్టు? గెడ్డం గోక్కుని గోక్కుని, చివరికి గొంతు సవరించుకున్నారు. “చూశారా, మన చేప పక్షి నోటికి ఎలా చేరుతుందో అల్లుడుగారు కళ్ళారా చూపించారు. పిల్ల చెప్పింది నిజమేనని తేల్చేశారు.” “తేల్చేశారండి,” అన్నారందరూ. అలా దొంగని కాస్తా దొరనయ్యాను. నా నిజాయితీ చూసి కాదండి, అల్లుడుగారి మర్యాద చూసి. పాకకి చేరేసరికి బేసిన్లో చేప కుళ్ళి కంపు కొడుతోంది. “కేసు గెలిచాం, కూర ఓడిపోయాం,” అంటూ మా ఆయన పచ్చడి మెతుకులు కలుపుకున్నారు.

మొన్న ఏలూరులో మా మనవరాలు (నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ అదే) పుస్తకం ముందేసుకుని, “గాలి నిరోధం లేదనుకొనుము,” అని చదువుతోంది. “గద్ద కూడా లేదనుకోమన్నారా?” అని అడిగాను. “అది ఇవ్వలేదు మామ్మా,” అంది. ఇవ్వరు. తన బతుకు రెండు సెకన్లలో తేలిపోతుందని గుండె చిక్కబట్టుకుని ట్యాంకు కింద నిలబడిన ఆ చేపల కంపు పిల్ల ఇప్పుడు కనబడితే, భుజం మీద చెయ్యేసి, “పైకి చూస్తూ ఉండవే పిచ్చిమొహమా,” అందామనిపిస్తుంది. తెల్లమెడ గద్ద కనిపిస్తే ఇప్పటికీ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడతాను. చూసినవాళ్ళు భక్తి అనుకుంటారు.